బొడ్డు మీద నూనె చుక్క

నా భార్య పిత్తాశయం నిండా రాళ్లున్నాయని తిరుపతి ఆసుపత్రిలో తేల్చారు. నేను బేల్దారిని. సత్యవేడు చుట్టుపక్కల గోడలు కడతాను. ఆమె నా వెంటే సిమెంటు తట్టలు మోస్తుంది. కడుపు కోస్తే నెలల తరబడి బరువు ఎత్తకూడదన్నారు. ఆమె భయమంతా అదే.

డాక్టరమ్మ మాత్రం బొడ్డు దగ్గర ఒక్క రంధ్రంతో పిత్తాశయాన్ని తీసే ప్రయత్నం చేద్దామన్నారు. అందుకు వాడే పరికరం చాలా ఖరీదట. దాని బదులు చేతి గ్లౌజునే రంధ్రానికి బిగించి, వేళ్ల కొసలు కత్తిరించి, వాటిలోంచి కెమెరా, కత్తెర పంపుతారట. ఒక గ్లౌజు ఊది చూపించారు.

"ఆవు పొదుగు మాదిరి ఉండాదే!" అని నా భార్య నవ్వింది.

ఆపరేషన్ రోజు ఉదయం నర్సు బొడ్డు శుభ్రం చేసి, గౌను తొడిగి వెళ్లింది. నేను మా చర్చిలో సంఘ పెద్దను. రోగికి నూనె రాసి ప్రార్థించమని బైబిల్ వాక్యంలోనే ఉంది. ఎప్పటిలా నుదుట రాయబోతే ఆమె గౌను పక్కకు జరిపింది.

"ఆడ కాదు. కోసేది ఈడ కదా, ఈడ పెట్టు."

పెట్టాను. ప్రార్థన సగంలో ఉండగా నర్సు తిరిగొచ్చింది.

"ఏమప్పా, తాళింపు వేస్తాండావా? ఇప్పుడే కదా నేను తుడిచి పోయింది! లోపలికి పోయి చీము పడితే ఎవురు చూస్తారు?"

"ఆయప్పను తిట్టొద్దు సిస్టరూ, నేనే పెట్టమంటి."

నర్సు గొణుగుతూ మళ్లీ రుద్ది కడిగింది. నూనె పూర్తిగా పోయిందో లేదో నాకు తెలియలేదు. నూనె సీసా నా జేబులోనే ఉంది. ఎందరికో రాశాను దానితో. ఆ రోజు దాన్ని ముట్టుకోవడానికే భయమేసింది.

ఆమెను లోపలికి తీసుకుపోయాక బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆదివారాల్లో గంటసేపు ఆగకుండా ప్రార్థించేవాణ్ణి, "ప్రభువా" దగ్గరే ఆగిపోయాను. ఆ నూనెను దీవించమనాలా, దాన్ని రాసిన నన్ను మన్నించమనాలా?

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మాస్కు దించారు.

"లోపలంతా అంటుకుపోయింది. ఇంకో రెండు రంధ్రాలు పెట్టినా కావడం లేదు. కోయాల్సిందే."

"నూనె వల్లనా అమ్మా?"

"ఏం నూనె?"

ఆమెకెవరూ చెప్పలేదు. నేనే చెప్పాను.

"దానివల్ల కాదు పెద్దాయనా. ఇది ఎన్నాళ్లుగానో ఉన్న వాపు. సంతకం పెట్టండి."

పెట్టాను. వరస తప్పకుండా ఇటుకలు పేర్చే చేతికి నా పేరే వంకరగా వచ్చింది.

సాయంత్రం నా భార్య కళ్లు తెరిచింది. దుప్పటి కింద చెయ్యి బొడ్డును తడిమి, పైకి జరిగి, పక్కటెముకల కింద పొడుగాటి కట్టు దగ్గర ఆగింది.

"కోసినారా?"

"ఊఁ."

"తట్ట ఎవురు మోస్తారు?"

జారిన దుప్పటి పైకి లాగి కప్పాను.

"సరే, ప్రార్థన చెయ్యి," అంది.

తల మీద చెయ్యి పెట్టాను. "ప్రభువా" అన్నాను, మళ్లీ అక్కడే ఆగిపోయాను. ఆమె నా ముఖం చూసి, తనే "ఆమేన్" అని కళ్లు మూసుకుంది.