దుమ్ములో నడిచే సాల్మన్ అన్న బండి

నిన్న పొద్దున్న ఏడున్నరకి ఫోన్ మోగింది. స్క్రీన్ మీద సాల్మన్ అన్న పేరు.

ఎత్తగానే "రేపైనా టైమ్‌కి వస్తావా అన్నా" అన్నాను, నవ్వుతూ.

అవతల మేరీ వదిన.

"అన్న లేడు తమ్మీ. పొద్దుగాల లేపితే లేవలే."

తర్వాత వదిన ఏం చెప్పిందో గుర్తులేదు. నేనన్న ఆ మాట మాత్రం చెవిలో అలాగే ఉంది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. సాల్మన్ అన్న నాచారంలో ఒక ఇంజనీరింగ్ యూనిట్‌లో ఫిట్టర్. ఆదివారం మాత్రం రేసర్. రిమోట్ కంట్రోల్ కార్లు. పిల్లల బొమ్మలనుకోకండి. మూరెడు బండి, నాలుగు చక్రాలకీ నాలుగు షాక్ అబ్జార్బర్లు, లోపల ఆయిల్, పైన స్ప్రింగ్.

పీర్జాదిగూడలో ఒక ఖాళీ ప్లాట్‌లో మట్టి ట్రాక్ వేసుకుని పది పన్నెండు మందిమి ఆడతాం. గ్రూప్ నడిపేది నేనే.

అన్నకి ఆదివారం ముందు చర్చి, తర్వాతే ఏదైనా. ఆరాధన అయ్యాక పన్నెండున్నరకి వచ్చేవాడు. తెల్ల చొక్కా, బైక్ వెనక తాడుతో కట్టిన డబ్బా. అప్పటికి క్వాలిఫయింగ్, అంటే ఫైనల్లో ఎవరు ముందు, ఎవరు వెనక నిలబడాలో తేల్చే రౌండ్, అయిపోయేది.

మొదట్లో ఆయన్ని మధ్యలో ఎక్కడో ఒక చోట నిలబెట్టేవాళ్ళం. అలా మధ్యలోంచి వచ్చి ఒకరోజు ఫైనల్లో నన్ను ఓడించాడు.

ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టాను. క్వాలిఫయింగ్ మిస్ అయినవాళ్ళు అందరికంటే వెనక నుంచి స్టార్ట్ చేయాలి. రూల్ అందరికీ అన్నట్టు రాశాను. లేట్‌గా వచ్చేది అన్న ఒక్కడే.

అన్న కూడా థమ్స్ అప్ పెట్టాడు.

ఆ రూల్ ఎందుకు పెట్టానో ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. ఈ పోస్ట్ అందుకే రాస్తున్నాను.

వేరేవాడైతే గొడవ పడేవాడు. అన్న తన బండి మార్చుకున్నాడు.

ట్రాక్ మీద అందరూ తిరిగే లైన్ గట్టిగా, నున్నగా ఉంటుంది. దాని పక్కనంతా దుమ్ము, గుంతలు. మా అందరివీ గట్టి స్ప్రింగ్, చిక్కటి ఆయిల్, నేలకి ఆనినట్టుండే బండ్లు. ఆ లైన్ మీద అదే కరెక్ట్. కానీ వెనకున్నవాడికి ఆ లైన్ ఎవరిస్తారు? అందుకని అన్న దుమ్ములోంచే వెళ్ళేలా సెట్ చేసుకున్నాడు. మెత్తటి స్ప్రింగ్, పలచటి ఆయిల్, బండి కాస్త ఎత్తు.

జానెడు ఎత్తు నుంచి బండిని టేబుల్ మీద వదిలి, తల వంచి చప్పుడు వినేవాడు. బండి పొట్ట టేబుల్‌కి తగిలితే ఒప్పుకునేవాడు కాదు. పడి ఎగిరినా ఒప్పుకునేవాడు కాదు. పడాలి, దిగాలి, కుదురుగా నిలబడాలి. అలా నిలబడే దాకా ఆయిల్ మారుస్తూనే ఉండేవాడు. ఇంత చేసినా ఆ తెల్ల చొక్కా మీద ఒక్క మరక పడేది కాదు. అదెలాగో నాకు ఇప్పటికీ తెలియదు.

రేస్ మొదలయ్యాక ఒక్కొక్కరినీ దుమ్ములోంచి దాటుకుంటూ వచ్చేవాడు. చూస్తే ఒళ్ళు మండేది. ముచ్చటా వేసేది.

సిగ్గు విడిచి చెప్తున్నా, ఒకసారి ఆయన సెటప్ మొత్తం కాపీ కొట్టాను. అదే స్ప్రింగ్, అదే ఆయిల్, అదే ఎత్తు. బండి ప్రతి మలుపులోనూ ఊగింది. ఏడో ప్లేస్. పోయి ఆయన మీదే ఎగిరాను.

"నాది సూసి రాస్తే ఎట్ల తమ్మీ," అన్నాడు. "నువ్వు ముందటికెల్లి పోతవ్, నీకు గట్టి బండే కావాలె. నాకు లైన్ ఎవడిడుస్తడు? గుంతలకెల్లి పోవాలె. నేల దిగితే చక్రం గుడ దానెంబడే దిగాలె. గాల్ల ఉన్న చక్రం ఏం పట్టుకుంటది?"

మాటలో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. నాకు గుచ్చుకున్నది అదే.

ఇంకో ఆదివారం ఫైనల్‌కి పది నిమిషాల ముందు నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"పోయిన వారం నీ ఎనకనే ఉంటి గద. ఎడమకు తిప్పినప్పుడల్లా నీ బండి ఎనక చక్రం లేస్తుంది. జర సూడు."

విప్పి చూస్తే షాక్ రాడ్ వెంట్రుకవాసి వంగి ఉంది. తన డబ్బాలోంచి రాడ్ తీసి ఆయనే వేశాడు. ఆయిల్ నింపాడు, బుడగలు పోయేదాకా ఓపిగ్గా ఆగాడు. తర్వాత వెళ్ళి, తన బండిని అందరి వెనకా పెట్టుకున్నాడు.

ఆ రోజు నేను గెలిచాను. ఆ సీజన్‌లో అదే మొదటిసారి. చివరి ల్యాప్ మొత్తం అన్న నా వెనకే ఉన్నాడు. రెండుసార్లు పక్కకి వచ్చాడు, దాటలేకపోయాడు. తన చేత్తో బాగుచేసిన బండిని.

రేస్ అవగానే నా భుజం మీద ఒకటి వేసి "గట్ల పోవాలె బండి" అన్నాడు.

నేను "అన్నా, ఆ లాస్ట్ స్టార్ట్ రూల్ తీసేద్దాం" అన్నాను.

"ఎందుకు, ఉండనీ. ఎనకకెల్లి పోతుంటే అందరి బండ్లు కనవడ్తయ్. ఎవనిది ఏడ గుంజుతుందో ఎర్కైతది."

అప్పుడు గానీ నాకు వెలగలేదు. ప్రతి రేస్ తర్వాతా టేబుల్ టేబుల్‌కీ తిరిగి, ఎవరి బండిలో ఏం తేడా ఉందో చెప్పేవాడు. అది ఫిట్టర్ బుర్ర అనుకున్నాం. దాటే ముందు ఒక్కొక్కరి బండినీ చూసుకుంటూ వచ్చేవాడని తట్టలేదు.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

నిన్న ఇంటికి వెళ్తే వదిన నా చెయ్యి పట్టుకుంది. "మీ అన్న నీ గురించి మస్తు చెప్తుండె తమ్మీ. అందర్ని సమానంగ సూస్తడు అంటుండె."

ఈ రోజు మధ్యాహ్నం అన్నని సమాధి చేసి వచ్చాం.

అన్నా, ఆ రూల్ అందరి కోసం కాదు. నువ్వు నన్ను ఓడించావని, కుళ్ళుతో, నీ ఒక్కడి కోసం పెట్టాను. నీ ఎదురుగా చెప్పాల్సిన మాట నువ్వు లేనప్పుడు, అందరి ముందూ చెప్తున్నాను. మన్నించు.

ప్రభువు దగ్గర హాయిగా ఉండు.

అక్కడ నిన్ను వెనక నిలబెట్టేవాడు ఎవడూ ఉండడు.