బంపరు మీద బొట్లు

మా ఇంట్లో కార్ల మాటొస్తే అన్నాలు చల్లారిపోతాయి. ఒక పక్క మా నాన్న. గజపతినగరంలో పప్పుల వ్యాపారం, మన దేశపు కారు. ఇంకో పక్క మా అక్క మొగుడు. విజయనగరంలో టైల్స్ షాపు, విదేశం నుంచి ఓడెక్కి వచ్చి విశాఖలో దిగిన కారు. మధ్యలో నేను. నాకు కారు లేదు. ఎచ్చెర్లలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, సెలవులకి బస్సెక్కి పుట్టింటికి వస్తుంటాను. అందుకని ఇద్దరూ కలిసి నన్ను జడ్జిని చేశారు. బస్సులో తిరిగేదానికి ఏ కారైనా ఒకటే కదా అని వాళ్ళ లెక్క. ఆ మాటకి ఇద్దరి మీదా నాకు ఒళ్ళు మండింది. కానీ జడ్జి పదవిలో సుఖం ఉంది. రెండు పార్టీల వాళ్ళూ వేడివేడి పకోడీలు తెచ్చి పెడతారు.

ముందు నాన్న కారు సంగతి చెప్పాలి. అది ఒకప్పుడు తెల్లగా ఉండేది. దాని తలుపు నెమ్మదిగా వేస్తే పడదు, గట్టిగా వేస్తే అటు పక్క తలుపు ఊడొస్తుందేమో అనిపిస్తుంది. వాన పడితే ముందు సీట్లో కూర్చున్న అమ్మ కాళ్ళ దగ్గర నీళ్ళు చేరతాయి. దానికి నాన్న కనిపెట్టిన మందు గోనెసంచి. కొట్టుకి సరుకు కూడా అందులోనే తెస్తాడు కాబట్టి లోపలంతా ధనియాలు, ఎండుమిరపకాయల ఘాటు. కొత్తగా ఎక్కినవాళ్ళు ముందు తుమ్మి, తర్వాత కూర్చుంటారు. ఇక చప్పుడంటారా, నాన్న కొట్టు దగ్గర బండి తీస్తే ఇంట్లో అమ్మ కంచం పెట్టేది.

ఆ చప్పుడులో వెనక సీటు వాళ్ళకి ముందు వాళ్ళ మాట ఒక్క ముక్క వినపడదు. పెదాలు కదలడం కనిపిస్తుందంతే. అమ్మ చేతులు తిప్పుతూ ఏదో అంటుంది, నాన్న స్టీరింగు మీద వేళ్ళు కొడుతూ ఏదో అంటాడు. దారి గురించి దెబ్బలాడుకుంటున్నారు కాబోలని నేను ఎప్పుడూ అనుకునేదాన్ని. ఎందుకంటే ఇంట్లో నాన్నది మౌనవ్రతం. కొట్లో గిరాకీలతో గంటలు గంటలు లోకాభిరామాయణం నడిపే మనిషి, గడప దాటి లోపలికి వస్తే ఆఁ, ఊఁ తప్ప పలకడు.

బావ కారు నల్లగా, నున్నగా ఉంటుంది. తలుపు వేస్తే చప్పుడే రాదు. బావ ఆ రాని చప్పుడుని వినిపించడానికి వీధిలో వాళ్ళందరినీ పిలిచి తలుపు తెరిచి వేసి చూపించేవాడు. లోపల ఏమీ తినకూడదు. చెప్పులు దులుపుకుని ఎక్కాలి. షాపు ముందు ఆ కారు ఉంటే గిరాకీలకి నమ్మకం కుదురుతుందని బావ అంటాడు. పప్పుల కొట్టు ముందు అలాంటిది పెడితే ఇక్కడ రేటెక్కువ కాబోలని జనం పక్క కొట్టుకి పోతారని నాన్న అంటాడు. ఇద్దరి మాటా నిజమే. టైల్స్ కొనేవాడు వేరు, కందిపప్పు కొనేవాడు వేరు.

జడ్జిగా నేను కొంత విచారణ కూడా చేశాను. మా కాలేజీలో ఒకావిడ ఈమధ్య మన దేశపు కొత్త కారు కొంది. దాని తలుపు కూడా ఒద్దికగా పడుతోంది, వానకి కారడం లేదు. మనవాళ్ళు చేసినదేనా అని రెండుసార్లు అడిగాను. మరోపక్క బావ కారుకి వేసిన టైర్లు మన దేశంలో చేసినవి, నాన్న కారు ఇంజను ఎవరో పరాయి దేశం వాళ్ళు గీసిచ్చిన నమూనా అట. ఈ సంగతి ఇద్దరి ముందూ పెడితే ఇద్దరూ ఒక్కటై నా మీద పడ్డారు. ఆ రోజు పకోడీలు కూడా రాలేదు.

ఈ సరదా కాస్తా ఒక రోజు పందెం దాకా వెళ్ళింది. అక్క ఎప్పటినుంచో నాన్న బండి మార్పించాలని పోరు పెడుతోంది. షోరూము వాళ్ళు పాతది తీసుకుని కొత్తది ఇస్తారని బావ కబురు తెచ్చాడు.

"మావా, ఆ డబ్బా ఇచ్చీండి. నడిరోడ్డు మీద ఆగిపోతే అత్తని ఎవలు మోస్తారు?" అన్నాడు బావ.

"ఆగితే ఊరికొక మేస్త్రీ ఉన్నాడు నాకు. నేను టీ తాగొచ్చీలోపు బాగు సేసి పెడతాడు. నీ కారు పక్క అద్దం గేదె కొమ్ము తగిలి ఇరిగితే ఏటయ్యింది? సామాను ఓడలో వస్తన్నాది, ఓడలో వస్తన్నాది అని ఒంటి సెవితోటి తిరగలేదేటి?"

ఆ దెబ్బ బావకి బాగా తగిలింది. మొహం ముడుచుకున్నాడు. అది చూసి నాన్నకి జాలేసిందో, ఇంకా ఉత్సాహం వచ్చిందో తెలియదు కానీ, అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"సరే అల్లుడుగారూ, ఆదివారం మీ కారులో రామతీర్థం ఎల్దాం. దారిలో మొరాయించకుండా, మీ అత్తకి కడుపులో తిప్పకుండా తీసుకెళ్ళి తెచ్చిందా, నా బండి తాళం నీ సేతిలో పెట్టేస్తాను. ఎవలికి ఇచ్చుకుంటావో నీ ఇష్టం. మొరాయించిందా, నా బండి ఊసు నేను బతికుండగా ఇంకెవలూ ఎత్తకూడదు."

అమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అమ్మకి కారు అద్దాలు మూసి ఏసీ వేస్తే కడుపులో తిప్పుతుంది. అది నాన్న చేతిలో ఉన్న తురుపు ముక్క. ఆవిడ తలెత్తి, "తాళం ఇచ్చేస్తారా?" అంది. ఇద్దరు మగవాళ్ళూ అప్పటికే చేతులు కలుపుకుంటున్నారు.

ఆదివారం పొద్దున్నే బావ కారు గజపతినగరం వచ్చింది. పందెం పందెమే, పూజ పూజే అన్నాడు నాన్న. పరాయి దేశం బండైనా మన గుమ్మంలోకి వచ్చాక లక్ష్మే కదా. తనే స్వయంగా పసుపు కలిపి ముద్ద చేశాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. ముందు భాగానికి బారెడు బంతిపూల దండ కట్టాడు. అప్పుడు ఆయనకి బంపరు మీద వరసగా ఉన్న చిన్న చిన్న గుండ్రటి బొత్తాలు కనిపించాయి. ఒక్కొక్కటీ బొట్టుబిళ్ళంత ఉంది. నాన్న మొహం వెలిగిపోయింది.

"సూసావేటే, బొట్లు పెట్టుకోడానికి సోటు ఆ దేశపోడే గుర్తులు పెట్టి పంపాడు. మనోడికి రాలేదు ఈ ఆలోచన," అని అమ్మతో అన్నాడు. విదేశీ కారుని నాన్న మెచ్చుకోవడం అదే మొదలు. ఆ సంతోషంలో ఏ బొత్తాన్నీ వదల్లేదు. ప్రతిదాని మీదా దళసరిగా పసుపు మెత్తి, పైన కుంకం అద్దాడు. బావ తన కారు నున్నటి రంగుని తలుచుకుని గుటకలు మింగాడు గానీ, మావగారినీ దేవుడినీ ఒకేసారి కాదనే ధైర్యం ఏ అల్లుడికుంటుంది?

బావ పక్కన ముందు సీట్లో అమ్మ. వెనక నాన్న, అక్క, నేను. కారు కదిలిన సంగతి చెట్లు వెనక్కి పోతుంటే తెలిసింది. కుదుపు లేదు, దుమ్ము లేదు. లోపల ఎంత నిశ్శబ్దమంటే అక్క గాజులు సర్దుకున్నా వినపడుతోంది. అమ్మ ఒకసారి వెనక్కి తిరిగి, "ఏటండీ, మొన్న ఆ మినుములాయన..." అని మొదలుపెట్టి, మా అందరి మొహాలూ చూసి ఆగిపోయింది. "ఊఁ" అన్నాడు నాన్న. అమ్మ మళ్ళీ ముందుకి తిరిగి కూర్చుంది.

మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గర బావ నెమ్మది చేశాడు. అంతే, కారు కీచుమని అరిచి తనంతట తనే బ్రేకు వేసేసుకుంది. మా తలలు ముందు సీట్లకి తగిలాయి. ఎదురుగా కుక్కపిల్ల కూడా లేదు. బావ సర్దుకుని మళ్ళీ తీశాడు. వేగంగా పోతున్నంతసేపూ బంగారంలా పోతుంది. నెమ్మది చేస్తే చాలు, ఏదో అడ్డొచ్చినట్టు అరుపు, బ్రేకు. మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లకి కొదవా! విజయనగరం దాటేసరికి బావ మెడ వెనక చెమట కారుతోంది, ఏసీలో.

నెల్లిమర్లలో సంత జనం మధ్య అది పూర్తిగా మొండికేసింది. అరుస్తుంది, కదలదు. వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొడుతోంది. చుట్టూ చేరిన వాళ్ళు తలో సలహా ఇస్తున్నారు. "తొయ్యండి బాబూ, ఇంతేసి కార్లు తోస్తేనే కదుల్తాయి," అన్నాడొకాయన. బావ స్టీరింగు పక్కనున్న తెర మీద బొత్తాలన్నీ నొక్కుతున్నాడు. చెవులు ఎర్రబడిపోయాయి. నా పక్కన నాన్న కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆయన చెయ్యాల్సిందేమీ లేదు, అలా కూర్చుంటే చాలు. బండి ఆయనకి దక్కినట్టే.

కానీ నాన్న ముందుకి వంగి తెర వైపు చూశాడు. అందులో కారు బొమ్మ, దాని ముందు భాగంలో వరసగా ఎర్రటి గీతలు. వాటినే కాసేపు చూశాడు. తర్వాత పచ్చగా ఉన్న తన చూపుడువేలు చూసుకున్నాడు. ఏమీ అనకుండా తలుపు తీసుకుని దిగాడు.

బంతిదండ విప్పి చేతికి చుట్టుకున్నాడు. నా నీళ్ళ సీసా అడిగి తీసుకుని, కండువా తడిపి, తను పెట్టిన బొట్లన్నీ తనే ఒక్కొక్కటిగా తుడిచాడు. సంత జనం చూస్తుండగా, ఎండలో, ఓడిపోవడానికి అంత శ్రద్ధగా పనిచేసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నాన్న మీద ఆ నిమిషంలో ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

"అల్లుడుగారూ, ఆ బొత్తాలు దీని కళ్ళు, అడ్డాలు సూసీవి. పసుపు కొట్టీసాను నేను. అది మాత్రం ఏటి సేస్తాది, పాపం," అని మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు.

అక్కడినుంచి కారు నోరెత్తలేదు. రామతీర్థంలో దర్శనం అయింది. అమ్మకి కడుపులో తిప్పలేదు. పొద్దు వాలకముందే ఇంట్లో ఉన్నాం.

నాన్న మేకుకి ఉన్న తాళం తీశాడు. "జడ్జిగారూ, తీర్పు సెప్పండి," అన్నాడు. నేను పెద్ద ధర్మదేవతలా, "ఆగింది కానీ దాని తప్పు కాదు. బావే గెలిచాడు," అన్నాను. బావ చెయ్యి సగం చాచి, వెనక్కి తీసుకున్నాడు. "వొద్దులెండి మావా," అని గొణిగాడు. "మాటంటే మాటే," అని నాన్న తాళం ముందుకి పెట్టాడు.

అమ్మ వచ్చి ఆ తాళం మధ్యలో అందుకుంది.

"మీ కారు మంచిదే బాబూ. కుదుపు నేదు, దుమ్ము నేదు. మా బండికి ఆ సుకం నేదు, ఒప్పుకుంతన్నాను. కానీ మీ కారులో నేను నోరిప్పితే అందరికీ ఇనపడిపోతాది. మీ మావ అందరి ముందూ మాటాడరు. ఇంట్లోనూ మాటాడరు. ఆ డబ్బాలోనైతే, ఆ సప్పుడుకి ఎవలికీ ఇనపడదని నాతోటి అన్నీ సెప్తారు. నవ్విస్తారు కూడాను. ఆ ఒక్క సోటే. పందెం కట్టినప్పుడు నన్ను ఎవలైనా అడిగారేటి?"

నాన్న తల వంచుకుని, గోళ్ళల్లో మిగిలిన పసుపు చూసుకుంటున్నాడు. నా తీర్పు ఏమైందని ఎవరూ అడగలేదు. అమ్మ తాళం కొంగున ముడేసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు అమ్మా నాన్నా కలిసి నన్ను విజయనగరం కాంప్లెక్సులో ఎచ్చెర్ల బస్సు ఎక్కించడానికి ఆ బండిలోనే తీసుకొచ్చారు. నేను వెనక మిరపకాయల బస్తా పక్కన తుమ్ముతూ కూర్చున్నాను. ముందు ఇద్దరి పెదాలూ కదులుతున్నాయి. నాన్న ఏదో అన్నాడు. అమ్మ కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, తల వెనక్కి వాల్చి నవ్వుతోంది.

"ఏటి నాన్నా?" అని అరిచాను.

ఇద్దరికీ వినపడలేదు.