పళ్ళ మామయ్య తప్పుల జాబితా

పళ్ళ మామయ్య చేతిలో ఓడిపోవడం పెద్ద కష్టమేమీ కాదు. ఓడాక ఆయన పంపే ఉత్తరాన్ని భరించడమే కష్టం.

ఆయన వృత్తి కట్టుడుపళ్ళు తయారుచెయ్యడం. అచ్చులో పోసిన ముద్ద గట్టిపడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. కంప్యూటర్లో కోటల ఆట ఒకటి ముగియడానికీ దాదాపు అంతే పడుతుంది. ఎక్కడో కూర్చున్నవాడెవడో ఒక కోట కట్టుకుంటాడు, ఈయన ఇంకోటి కట్టుకుంటాడు. ఇద్దరూ గనులు తవ్వి, సైన్యాలు పెంచి, ఒకరి కోట ఒకరు కూల్చుకుంటారు. కోట కూలినవాడు లేచి మంచినీళ్ళు తాగేలోపు మామయ్య ఉత్తరం చేరిపోతుంది. "మీరు చేసిన తప్పులు. ఒకటి, గని దగ్గర కాపలా పెట్టలేదు. రెండు..." అంటూ ముప్పై దాకా సాగుతుంది.

పుండు మీద కారం చల్లితే ఎవరూరుకుంటారు? సగంమంది ఆయన్ని బ్లాక్ చేశారు. ఒక మహానుభావుడు మాత్రం ఓపిగ్గా పేరాడు తిట్లు రాసి పంపాడు. మామయ్య వాటిలో అక్షరదోషాలు దిద్ది, వాడికే తిప్పి పంపాడు. ఆయన జాబితా రాయనిదల్లా అత్తయ్య వంటకే. ప్రాణం మీద తీపి ఎవరికి లేదు?

ఇన్ని తెలిసినవాడు ఆటగాళ్ళ పట్టికలో పైనుండాలి కదా అంటే, ఉండడు. ఎదుటివాడి తప్పులు రాసుకునే ధ్యాసలో తన కోట తగలబడుతున్న సంగతే మరిచిపోతాడు.

ఆయన దగ్గరే పళ్ళకు నునుపు పెట్టే పని చేస్తుంది మేనకోడలు. వారానికొకసారి ఆయనతో ఆడి ఓడేది. సొంత మేనకోడలికి కూడా ఆయన "మీరు" అనే రాసేవాడు. మూడో తప్పు చదివేసరికి ఆమెకు ఒళ్ళు మండి, ఉత్తరం మూసేసేది.

ఆ అమ్మాయికి ఉన్నది ఒకటే కోరిక, ఊరి జట్టులో చోటు. రెండేళ్ళుగా చివరి మెట్టు మీదే జారిపడుతోంది. ఈసారి కూడా పోతే ఆట ముఖం చూడనని అత్తయ్య దగ్గర ఒట్టేసింది. జట్టులో మిగిలింది ఒక్క చోటు. మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్ళకే అది.

పోటీ హాల్లో ఎదురుగా కూర్చున్నది ఒక బస్సు డ్రైవరు. నలభై ఏళ్ళవాడు, లావు వేళ్ళు, నెమ్మదైన చెయ్యి. రెండేళ్ళ కిందట ఆమె అతన్ని ఆరు నిమిషాల్లో మట్టి కరిపించి, నవ్వి వెళ్ళిపోయింది. ఇవాళ మొదటి ఆటలో అతను ఆమెను పదిహేను నిమిషాల్లో కూలగొట్టాడు. గని దగ్గర కాపలా పెట్టడం దగ్గర్నుంచి అతను ఎక్కడా తప్పటడుగు వెయ్యలేదు.

పది నిమిషాల విరామం ఇచ్చారు. ఇదంతా ఎవరు నేర్పారని ఆమె అతన్ని అడిగింది. డ్రైవరు మొహమాటంగా ప్రేక్షకుల వైపు చూపించాడు. అక్కడ పళ్ళ మామయ్య తల వంచుకుని కాగితం నింపుతున్నాడు.

ఆమె విసవిసా వెళ్ళి ఆయన ముందు నిలబడింది. "పాముకి పాలు పోశావా మామయ్యా?"

"నిన్నూ రమ్మన్నానుగా. ఉత్తరంలో రాశాను."

"ఎక్కడ రాశావు?"

"చివర."

ఆమె ఫోన్ తీసి మొన్నటి ఉత్తరం తెరిచింది. ముప్పయ్యో తప్పు కింద ఇలా ఉంది. "పై తప్పులన్నీ ఒకప్పుడు నేను చేసినవే. సిగ్గుపడే పని లేదు. సాయంత్రం ఆరింటికి ఆటలోకి రండి, కలిసి సరిచేద్దాం." అంతకు ముందు వారం ఉత్తరంలోనూ అదే ఉంది, ఆ ముందు వారంలోనూ అదే.

రోజూ ఆరింటికి ఆయన వెనక గది తలుపేసుకుంటే కునుకు తీస్తున్నాడనుకునేది అత్తయ్య.

"ఆరింటికి చేరేవాళ్ళం నలభైమందిమి ఉన్నామమ్మా," అన్నాడు వెనకే వచ్చిన డ్రైవరు. "మిగతావాళ్ళంతా మమ్మల్ని ఓడించి నవ్వి పోయేవాళ్ళు. ఎందుకు ఓడానో చెప్పి, మళ్ళీ రమ్మన్నది ఈయనొక్కరే."

ఆ నవ్వినవాళ్ళలో తనూ ఉందని ఆమెకు గుర్తుంది. సిగ్గుతో తలెత్తలేకపోయింది. ఎత్తాల్సిన అవసరమూ లేకపోయింది, చదవాల్సినవి ఇంకా ఇరవై ఏడు తప్పులున్నాయి. పంతొమ్మిదో దగ్గర ఆగింది. "ఎడమవైపు దాడి జరగగానే సైన్యమంతా అటే పంపుతారు. కుడి ద్వారం ఖాళీ." డ్రైవరు ఇందాక దూరింది ఆ ద్వారంలోంచే.

రెండో ఆటలో అతను ఎడమవైపు విరుచుకుపడితే, ఆమె సగం సైన్యాన్నే పంపి గెలిచింది. మూడోది ముప్పావుగంట సాగింది. ఎడమవైపు తన కోట గోడలు కూలుతున్నా ఆమె కుడి ద్వారం దగ్గరి దళాన్ని కదపలేదు. చివరికి ఆ దళమే బయటికి ఉరికి డ్రైవరు కోటను పడగొట్టింది. జట్టులో చోటు ఆమెదైంది.

ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ డ్రైవరు ఇంకా తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. రెండేళ్ళుగా తను కూర్చున్నదీ అలాగే. ఆమె కుర్చీ జరుపుకుని అతని పక్కన చేరింది.

"అన్నా, ఎక్కడెక్కడ పొరబడ్డారో చెప్పనా?"

"చెప్పమ్మా."

ఆమె వేళ్ళు మడిచి ఐదు తప్పులు చెప్పింది. అతను ఒక్కొక్కదానికీ తలూపాడు. వెనక నుంచి మామయ్య కళ్ళజోడు సర్దుకుంటూ తన కాగితం చూసుకున్నాడు.

"ఎనిమిది," అన్నాడు. "మిగతా మూడూ నువ్వు కూడా చేశావు. అందుకే నీకు కనబడలేదు."

డ్రైవరు నవ్వి, ఆయనకూ ఒక కుర్చీ లాగాడు.