ఫ్యాన్ కింద చోటు

తొంభైల మధ్యలో నేను సంగారెడ్డిలో ఒక గది, ఒక వంటిల్లు ఉన్న పోర్షన్‌లో కిరాయికి ఉండేవాణ్ణి. హైదరాబాదులో ఒక ప్రచురణకర్త ఉండేవాడు. ఆయన వేసే పాఠశాల గైడ్లను తెలుగులోకి మార్చి రాసివ్వడం నా పని. వారానికొకసారి బస్సెక్కి రాసినవి ఇచ్చి, రాయవలసినవి తెచ్చుకునేవాణ్ణి. మిగతా రోజులు నాకు కావలసింది ఒక బల్ల, ఒక కుర్చీ. మా ఇంట్లో ఉన్న ఒక్క బల్ల మీద గ్యాస్ పొయ్యి ఉండేది.

నేల మీద చాప వేసుకుని రాసేవాణ్ణి. వాకిట్లోంచి ఇంటి ఓనరమ్మ తొంగిచూసేది.

"ఏంది సారూ, ఇయ్యాల గూడ ఇంట్లనేనా? నౌకరీ ఏం దొరకలే?"

నాకు కోపం వచ్చేది. నా భార్యకు మాత్రం తల తీసేసినట్టుండేది. "ఎటన్న పోయి రాసుకోరాదు? పొద్దుందాక ఇంట్ల కూసుంటే ఏం మొగోడని అడుగుతున్నరు నన్ను," అంది ఒకరోజు. మర్నాటి నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని, ఆఫీసుకు పోతున్నవాడిలా బయల్దేరడం మొదలుపెట్టాను.

ఎక్కడికి పోవాలో తెలియదు. మొదట కోర్టు ముందర చెట్ల కింద కూర్చున్నాను. నీడ బాగానే ఉండేది గానీ, వచ్చినవాళ్లంతా నన్ను దస్తావేజులు రాసేవాడనుకుని "అఫిడవిట్‌కు ఎంత తీసుకుంటవు సార్?" అని చుట్టూ మూగేవారు. బస్టాండులో బెంచీలున్నా మైకు నోరు మూయదు. పటాన్‌చెరులో హైవే పక్కన ఒక చాయ్ హోటల్ దొరికింది. పాలరాతి బల్లలు, కిటికీ వెలుతురు. ఒక చాయ్ తాగి గంటసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. అయితే అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఫ్యాక్టరీల షిఫ్టు వదిలి వర్కర్లు గుంపుగా వచ్చే వేళకు, అప్పటిదాకా కూర్చున్నవాళ్లు లేచి వాళ్లకు చోటిచ్చి, నిలబడి చాయ్ తాగేవారు. ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను మాత్రం లేవలేదు. నేనూ పని చేస్తున్నాను గదా అనుకున్నాను. కౌంటర్ దగ్గర కూర్చునే పెద్దాయన మూడోసారికి అననే అన్నాడు.

"సాబ్, ఆళ్లు పొద్దటి సంది నిలబడి వస్తుండ్రు. నువ్వు పొద్దటి సంది కూసునే ఉన్నవ్."

అందరూ నవ్వారు. నేను మళ్లీ అక్కడికి పోలేదు. ఆ మాటలో ఉన్న న్యాయం ఆ రోజు నా తలకెక్కలేదు. అవమానించాడని మాత్రమే అనుకున్నాను.

చివరికి మా ఊళ్లోనే ఒక చిన్న గ్రంథాలయం కుదిరింది. పొడుగాటి బల్లలు, చేతుల్లేని కుర్చీలు, ఉన్నది ఒకటే ఫ్యాను. లైబ్రేరియన్‌కు నేనంటే గౌరవం. "సార్ పుస్తకాలు రాస్తడు," అని వచ్చినవాళ్లకు చెప్పేవాడు. గైడ్లు రాస్తానని నేను ఎప్పుడూ దిద్దలేదు.

అక్కడే ఒకాయన పరిచయమయ్యాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ఖాకీ ప్యాంటు, జేబు మీద ఫ్యాక్టరీ గుర్తు కుట్టిన చొక్కా, చేతిలో మూడు గిన్నెల టిఫిన్ డబ్బా. రోజూ పేపరు పరుచుకుని, ఒకే పేజీ మీద చాలాసేపు తల వంచుకుని కూర్చునేవాడు. మధ్యాహ్నం మూల బల్ల దగ్గర డబ్బా విప్పేవాడు. మొదటిరోజే నన్ను పిలిచాడు.

"రాండ్రి సార్. జొన్నరొట్టె, చింతకాయ తొక్కు. ఒక్కణ్ణి తింటే దిగుతలేదు."

తింటూ తింటూ తనే చెప్పాడు. పటాన్‌చెరు అవతల గొట్టాలు చేసే ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్. ఫ్యాక్టరీ మూతపడింది. ఇంట్లో చెప్పలేదు. పెళ్లాం గుండె జబ్బు మనిషి, బిడ్డ ఇంటర్ పరీక్షలకు చదువుతోంది. ఇంకో ఫ్యాక్టరీలో పెట్టిస్తానని ఒక సూపర్‌వైజర్ మాటిచ్చాడు. అది కుదిరేదాకా రోజూ డ్యూటీకి పోతున్నట్టే డబ్బా పట్టుకుని బయటికొస్తున్నాడు.

"ఎవ్వరికీ చెప్పలే సార్. మీకే చెప్తున్న. మీరు గూడ నా లెక్కనే సంచి పట్టుకొని తిరుగుతున్నరు గద, మీకు సమజైతది."

నాకు అర్థమైంది. కానీ నా లెక్కనే అన్న మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది.

ఆయన షిఫ్టులు కూడా మార్చేవాడు. ఒక వారం పొద్దున్నే, ఒక వారం మధ్యాహ్నం నుంచి. లేని ఫ్యాక్టరీకి షిఫ్టులెందుకని అడిగాను.

"జనరల్ షిఫ్ట్ అని చెప్పరాదా? హాయిగ పొద్దున వచ్చి సాయంత్రం పోవచ్చు."

"ఆపరేటర్‌కు జనరల్ ఎవడిస్తడు సార్? మా గల్లీల అందరూ ఫ్యాక్టరోళ్లే. వారం మారంగనే షిఫ్ట్ మారకపోతే నా పెళ్లామే పట్టుకుంటది. ప్రమోషన్ వచ్చిందా, మిఠాయేదని అడుగుతది!"

అని తనే ముందు నవ్వాడు. పొద్దుటి షిఫ్టు వారం లైబ్రరీ తలుపు తీసేదాకా బస్టాండులో కూర్చుని, తలుపు తీయగానే వచ్చి, ఫ్యాన్ కింద కుర్చీ మీద తన తువ్వాలు వేసేవాడు. బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేసినట్టు. తనకు కాదు, నాకు. నేను రాగానే తువ్వాలు తీసుకుని పక్క కుర్చీలోకి జరిగేవాడు. "ఇగ మీ మిషిన్ షురూ చేయుండ్రి సార్," అనేవాడు.

అలా ఒక ఎండాకాలం మొదలైంది. నాకు సైన్సు గైడు ఇచ్చారు. తొందరపెట్టారు. నేను నిర్లక్ష్యంగా రాశాను. ఒక పాఠంలో సగం పేజీ వదిలేశాను, ఇంకో పాఠంలో లెక్కలు తారుమారు చేశాను. ప్రచురణకర్త కాగితాలు నా ముందు పడేసి, అందరిలో అడిగాడు, "ఎక్కడ కూసొని రాస్తున్నవయ్యా? సంతలనా?"

ఆ ఒక్క మాటతో నాకు ఆసరా దొరికినట్టయింది. అవునండీ, గోల ఎక్కువ అన్నాను. తిరుగు బస్సులో ఆ అబద్ధాన్ని నేనే నమ్మడం మొదలుపెట్టాను. లైబ్రరీలో ఆయన పక్కన కూర్చుని అదేంది సార్, ఇదేంది సార్ అని అడుగుతాడు. తిన్నాక బల్ల మీద తల పెట్టి గుర్రు పెడతాడు. తొక్కు వాసన కాగితాలకు అంటుతుంది. వదిలేసిన సగం పేజీకి, తారుమారైన లెక్కలకు ఆయనే కారణమైనట్టు ఊరు చేరేసరికి నాకు ఖాయమైపోయింది.

మర్నాడు ఆయనది మధ్యాహ్నం షిఫ్టు. ఇంకా రాలేదు. లైబ్రేరియన్ దగ్గరికి పోయి చెప్పాను.

"చదువుకునే జాగల చదువుకునేటోళ్లుండాలె గాని, తినేటోళ్లు, పండుకునేటోళ్లు ఉంటే ఎట్ల?"

ఎవరని లైబ్రేరియన్ అడగలేదు. నేను పేరు చెప్పలేదు. చెప్పనందుకు, నేనేదో హుందాగా మాట్లాడానని కూడా అనుకున్నాను. ఆ మనిషికి పొద్దు గడపడానికి నీడ ఉన్న చోటు ఇంకొకటి లేదని ఆ ఊళ్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసే చెప్పాను.

ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం నేను పోయేసరికి ఆయన గడప బయట నిలబడి ఉన్నాడు. తువ్వాలు భుజాన ఉంది, డబ్బా చేతిలో ఉంది. ఎండ మెట్ల మీదికి ఎక్కింది.

"ఏమైంది?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"డబ్బతోని లోపలికి రావద్దంటుండు సార్. కొత్త కాయిదనట. డబ్బ బయట పెడ్దమంటే కుక్కలు. ఇంట్ల ఇడిసిపెట్టి రాలేను గద, డబ్బ లేకుంట డ్యూటీకి పోతడా ఎవడన్న?" గొంతు తగ్గించాడు. "తినేటప్పుడు బయటికే పోత. ఇగ పండుకోను గూడ. మీరు జెర చెప్పుండ్రి సార్. మీ మాటంటే ఇంటడు."

"చెప్తాలే," అన్నాను.

నిజంగానే చెప్పాలనుకున్నాను. కానీ ఎలా చెప్పాలి? నిన్న అన్న మాట ఈ రోజు వద్దనాలి. లైబ్రేరియన్ ముందు చిన్నబోవాలి. ఆ రెండు మెట్లు ఎక్కుతూ మాటలు వెతుక్కుంటుండగా, లైబ్రేరియన్ నన్ను చూసి లేచి ఎదురొచ్చాడు. మంచి పని చేసినవాడి ముఖంతో, గట్టిగా అన్నాడు.

"మీరు చెప్పినట్లే చేసిన సార్! ఇగ ప్రశాంతంగ రాసుకోండ్రి. ఆ డబ్బా ఆయనను బందు పెట్టిన."

నేను వెనక్కి తిరగలేదు. తిరగకుండానే తెలిసింది, ఆయన విన్నాడని. అప్పుడైనా నోరు తెరవవచ్చు. "లేదు, రానియ్యండి, తప్పు నాది" అంటే సరిపోయేది. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాను.

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తువ్వాలు సర్దుకున్నాడు.

"పోత సార్," అన్నాడు మామూలు గొంతుతో. "డ్యూటీకి లేటైతంది."

నేను లోపలికి పోయి ఫ్యాన్ కింద కూర్చున్నాను. రాశాను కూడా. సాయంత్రం దాకా రాసిందాంట్లో మళ్లీ తప్పులే వచ్చాయి. వాటికి ఎవరి మీదా నెపం పెట్టలేకపోయాను. కొన్నాళ్లకు పరీక్షలకు చదివే పిల్లలు నాకంటే ముందొచ్చి ఆ కుర్చీలో కూర్చోసాగారు. నేను గోడవారకు జరిగాను.

జరిగినదంతా నా భార్యకు చెప్పలేదు. లైబ్రేరియన్‌కు అసలు సంగతి చెప్పి ఆయన్ను వెతికి పిలిపించాలని రోజూ అనుకునేవాణ్ణి. అసలు సంగతి చెబితే ఆయన గుట్టు బయటపడుతుందని నాకు నేనే అడ్డు చెప్పుకునేవాణ్ణి. గుట్టు చెప్పనక్కర్లేదు, నా తప్పు చెబితే చాలునన్నది నాకు తెలియక కాదు.

ఎండలు ముదిరాక, హైదరాబాదు పోవడానికి బస్టాండుకు వెళితే కనబడ్డాడు. రేకుల షెడ్డు కింద చివరి బెంచీ మీద ఉన్నాడు. మనిషి నల్లబడ్డాడు. డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. తప్పించుకుని పోదామని నా కాళ్లు అటు తిరిగాయి గానీ, ఆయనే ముందు చూశాడు. పోయి పక్కన నిలబడ్డాను.

"లైబ్రరీకి రండి," అన్నాను. "నేను మాట్లాడతాను. ఆ రోజు నేను..."

"అయ్యో, ఇప్పుడు ఏడ తీరుతది సార్," అన్నాడు నవ్వుతూ. "ఫ్యాక్టరీ మల్ల షురూ చేసిండ్రు. మొన్నటి సంది డ్యూటీల ఉన్న. ఇయ్యాల మధ్యాహ్నం షిఫ్ట్. బస్సు కోసం చూస్తున్న."

పటాన్‌చెరు మీదుగా హైదరాబాదు పోయే బస్సు మా ఎదురుగానే ఆగి ఉంది. జనం ఎక్కుతున్నారు. నేను ఎక్కవలసింది కూడా అదే. కండక్టర్ చెయ్యి ఊపుతూ పిలుస్తున్నాడు. ఆయన దానివైపు చూడలేదు.

ఇంట్లో పెళ్లాంతో, బిడ్డతో, గల్లీలో అందరితో ఆడిన అబద్ధాన్ని ఆయన ఒక్క నా దగ్గరే పక్కన పెట్టి, రొట్టె తుంచి నా చేతిలో పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు. ఇప్పుడు నాతోనూ ఆ అబద్ధమే ఆడుతున్నాడు. కళ్లలోకి చూస్తూ, ఏ తడబాటూ లేకుండా.

"మంచిది," అన్నాను. "మంచి మాట."

"అవు సార్. మీ బస్సు పోతది, ఎక్కుండ్రి."

ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదిలేదాకా ఆయన వేరే ఏదో బస్సు కోసం చూస్తున్నట్టు రోడ్డు అటువైపే చూస్తూ కూర్చున్నాడు.