తెల్లకోక మీద పడిన ఎండ

నా చిన్నప్పుడు మా ఇంట్లో రంగు కోక కట్టని మనిషి ఒక్కతే ఉండేది, మా మేనత్త. పెళ్లయిన రెండో ఏడే మొగుడు పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. అప్పటి నుంచి తెల్లకోక, బోసి మెడ, బోసి చేతులు. మాది జంగమకోటె దగ్గర పల్లె. మల్బరీ తోట ఉండేది, పట్టుపురుగులు పెంచేవాళ్లం. పురుగుల గది మొత్తం అత్త చేతి మీద నడిచేది, పెత్తనం మాత్రం మా పెదనాయనది. మంచి పనులకు ఆమెను పిలిచేవాళ్లు కారు, చాకిరీకి ఆమె లేనిదే పొద్దు గడిచేది కాదు. అప్పట్లో అందరూ దీన్ని ధర్మం అనేవాళ్లు. నేను దీనికి వేరే పేరు పెట్టుకున్నాను, అది ఇక్కడ రాసేది కాదు.

ఒక చలికాలం నా చెవిలో చీము పట్టింది. పసరు పోశారు, వెచ్చటి నూనె పోశారు, తగ్గలేదు. చిక్కబళ్లాపురంలో మిషన్ ఆసుపత్రికి తీసుకుపోవాలన్నారు. అమ్మకు నెలలు నిండాయి, మగవాళ్లకు తోటపని. పురుగులేమో నాలుగో జ్వరంలో ఉన్నాయి. జ్వరమంటే రోగం కాదు. పొర విడిచే ముందు పురుగు తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది, మేత ముట్టదు. దాన్నే మావైపు జ్వరమంటారు. అందువల్ల అత్తకు ఆ ఒక్కరోజు తీరిక దొరికింది. ఇద్దరం తొలి బస్సెక్కాం.

ఆసుపత్రిలో చెవి కడిగి దూది పెట్టి పంపేసరికి మధ్యాహ్నం దాటింది. బస్సుకు ఇంకా చాలా పొద్దుంది. తిరిగొచ్చే దారిలో, ఎప్పుడో తెల్లదొరలు కట్టించిన రాతి చర్చి ఒకటి కనిపించింది. అత్త దాని గోడ దగ్గర ఆగి అరచెయ్యి ఆనించి చూసింది. “ఇది మన కొండ రాయే!” అంది, ఎవరో మా చుట్టాన్ని అక్కడ చూసినంత సంబరంగా. తలుపు తెరిచే ఉంది. లోపల ఊడుస్తున్న పెద్దాయన మమ్మల్ని చూసి చీపురు పక్కన పెట్టాడు.

“లోపలికి రావచ్చునా అప్పా?” అని అడిగింది అత్త.

“రాండమ్మా. తలుపు తీసి పెట్టింది దానికే కదా.”

అత్త గడప దాటలేదు. “నేను మొగుడు పోయినదాన్ని అప్పా,” అంది మెల్లగా.

ఆ మాట ఎందుకు చెబుతోందో ఆయనకు తెలియలేదో, తెలిసీ తెలియనట్టు ఉన్నాడో, నేను చెప్పలేను. “అయ్యో పాపం. ఎండన పడి వచ్చినట్టుండారు, నీళ్లేమన్నా తాగుతావా అమ్మా?” అన్నాడు. అత్త ఒక క్షణం ఆయన ముఖం చూసి, నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.

లోపల చల్లగా ఉంది. గోడలు మా ఇంటి గోడలకు రెండింతల మందం. కిటికీల పైభాగం దండం పెట్టిన చేతుల్లాగా సూదిగా కలుసుకుంది. మా ఊరి దేవళంలో నాలుగడుగులు వేస్తే ఒక కంబం తగులుతుంది. ఇక్కడ నడుమ ఒక్క కంబం లేకుండా అంత పెద్ద కప్పు, నల్లటి కొయ్య దూలాల మీద నిలబడి ఉంది. అత్త మెడ నొప్పిపుట్టేదాకా పైకి చూసి, “కట్టినోడు గట్టోడే,” అని ఒప్పుకుంది. పడమటి కిటికీలో రంగు అద్దాలు ముక్కలు ముక్కలుగా కూర్చి బొమ్మ చేశారు. గొర్రెపిల్లను భుజాన వేసుకున్న మనిషి. “మన గొల్లోళ్ల మాదిరే ఉండాడు చూడు,” అని నవ్వింది. అత్త పళ్లు కనబడేటట్టు నవ్వడం నేను అంతకుముందు చూసిన గుర్తు లేదు.

బల్ల మీద కూర్చున్నాం. పొద్దు వాలేకొద్దీ ఎండ ఆ అద్దాల్లోంచి లోపలికి దిగింది. చూస్తుండగానే అత్త ఒళ్లో ఎరుపు పడింది, భుజం మీద పసుపు, బోసి చేతి మీద ఆకుపచ్చ. నాకు భయమేసింది. ఇంట్లో తిడతారని తెలుసు కదా. “అత్తా, కోకకు రంగంటుకుంది!” అంటూ అరచేత్తో తుడవబోయాను.

“ఉండనీలే. ఎవురు తుడిచినా పొయ్యేది కాదులే ఇది,” అని అత్త కొంగు తీసి ఒళ్లో పరుచుకుంది. ఎండ జరిగేకొద్దీ ఆమె కూడా బల్ల మీద కొంచెం కొంచెంగా జరుగుతూ వచ్చింది. మా అత్త అందంగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఎంతో కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఇప్పుడైతే తెలుసు.

మేము ఆ రంగుల్లో కూర్చోవడం తెరిచిన తలుపులోంచి మా వీధి చివరింటి మామ చూశాడు. మేము ఇల్లు చేరేలోపే కబురు చేరింది. పెదనాయన వసారాలో నిలబడే ఉన్నాడు.

“చర్చిలోకి పోయినావంటనే? ముండమోసినదానివి, రంగుల కింద కూచున్నావంటనే?”

“కూచున్యా అన్నా.”

“రేపు అయ్యవారిని పిలిపించి శుద్ధి చేయిస్తా. ఊరి పెద్దల ముందర తప్పయిందని చెప్పు.”

“తప్పు చేసింటే చెప్పనా? రాయి మన కొండది. ఎండ అందరిదీ. నడిమధ్యన గాజు ఒకటే వాళ్లది. మైల యాడుండాది దాంట్లో?”

ఇంట్లో ఆడది ఎదురుచెప్పడం పెదనాయనకు అదే మొదలు. తప్పు ఒప్పుకునేదాకా వంటింట్లోకి గానీ పురుగుల గదిలోకి గానీ అడుగుపెట్టొద్దన్నాడు. పురుగుల గదికి మైల తగిలితే పంట పోతుందని మా వైపు గట్టి నమ్మకం. “సరే అన్నా, నీ మాటే కానీ,” అని అత్త వెళ్లి అరుగు మీద కూర్చుంది. నేనూ చర్చిలోకి పోయినదాన్నే. చిన్నపిల్లకు తలంటి పోస్తే చాలన్నారు, చెవిలో దూది ఉందని అదీ వదిలేశారు. మైలకు కూడా అంత దయ ఉంటుందన్నమాట.

మర్నాడు పురుగులు జ్వరం లేచాయి. అన్నీ ఒక్కసారి లేవవు. ముందు లేచినవాటికి తొందరపడి ఆకు వేస్తే వెనక లేచేవి దాని కింద పడి చెడతాయి, ఆలస్యం చేస్తే ముందు లేచినవి మాడిపోతాయి. ఆ అదను అత్త ఒక్కదానికే కచ్చితంగా తెలుసు. పెద్దమ్మ ఆకు బుట్ట చంకన పెట్టుకుని గదిలోకీ అరుగు మీదికీ తిరిగింది. “ఇప్పుడెయ్యాల్నా, ఇంకా తాళాల్నా చెప్పమ్మా,” అని బతిమాలింది.

“మైలదాన్ని వదినా. నా మాట తగిలితే పురుగులు చెడిపోవా?” అంది అత్త. చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక అత్త ఇంట్లో ఊరికే కూర్చోవడం నేను చూసింది అప్పుడే.

సాయంత్రానికి పెదనాయన తానే వచ్చాడు. ఆ పంట పోతే ఇంటిల్లిపాదికీ ఏడాదంతా ఇబ్బందే. “లెయ్, పోయి పురుగులు చూడు,” అన్నాడు ఎటో చూస్తూ.

“శుద్ధి కాలేదే అన్నా. ఇట్లే పోతే మైల కదా?”

పెదనాయన పురుగుల గది వైపు ఒకసారి చూశాడు. అత్త లేవలేదు. చివరికి, “మైలా లేదు, ఏమీ లేదు, పో,” అని గొణిగాడు.

“ఆ మాట గట్టిగా చెప్పన్నా. వీధి చివరిదాకా వినపడాల.”

చెప్పాడు. వీధంతా అదిరేట్టు చెప్పాడు. అత్త లేచి కోక దులుపుకుని, చేతులు కడుక్కుని, ఏ శుద్ధీ లేకుండా లోపలికి పోయింది. ఆ పంట ఎంత బాగా వచ్చిందో నాకు గుర్తు లేదు. ఆ తర్వాత పురుగులు నాలుగో జ్వరం పడుకున్నప్పుడల్లా అత్త నన్ను వెంటబెట్టుకుని చిక్కబళ్లాపురం పోయేది. నా చెవి ఎప్పుడో నయమైపోయింది. ఎక్కడికి పోతున్నావని ఇంట్లో ఎవరూ అడగలేదు.

అత్త చివరిదాకా తెల్లకోకే కట్టింది. ఆమె గెలిచింది ఆ కాస్త ఎండే. దానికోసమే ఇంటి పెత్తనాన్నంతా ఒక రోజు అరుగు మీదికి రప్పించింది. తప్పు చేయనివాళ్లు తప్పని ఒప్పుకోకూడదు, అన్నవాళ్ల చేతే కాదనిపించాలి. మా అత్త నాకిచ్చిన ఆస్తి ఇదే.

మా ఆయన పోయిన పదకొండో రోజు బంధువులు తెల్లకోక పట్టుకొచ్చి నా చేతులు చాపమన్నారు. నేను చాపలేదు. “నేనేం తప్పు చేసినానో ముందు చెప్పండి,” అన్నాను. ఇంటినిండా జనం, ఒకరి వెనక ఒకరు లేచారు. తెచ్చిన తెల్లకోక పట్టుకుని, వచ్చిన దారినే పోయారు. డెబ్బై దాటాక కూడా నేను ఎర్రకోకే కడతాను. ఇది రాస్తున్నంతసేపూ నా చేతుల గాజులు గలగలమంటూనే ఉన్నాయి.