మేష్టారి ఎడమచెయ్యి

ఆస్పత్రిలో పాడాలంటే మెల్లగా పాడాలట. ఎవరు పెట్టారో ఈ రూలు, వాళ్ళు నాకు ఎప్పుడూ ఎదురుపడలేదు. పడితే నాలుగు మాటలు అడగాలనే ఉంది. గుంటూరులో డయాలసిస్ చేసే ఆ హాల్లోకి అప్పుడప్పుడు ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. చిన్న కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని, నిద్రపోయే పసిపిల్లని లేపకూడదన్నట్టు ఏదో పాడి, అరటిపండ్లు పంచి, ఫొటోలు దిగి వెళ్ళిపోయేవాళ్ళు. కిడ్నీలు చెడినవాళ్ళు అరటిపండు తినకూడదన్న సంగతి కూడా వాళ్ళకి తెలియదు. కుర్చీల్లో ఉన్నవాళ్ళు దణ్ణం పెట్టి కళ్ళు మూసుకునేవాళ్ళు.

నేను బతుకంతా స్టేజీ మీద పద్యాలు పాడినదాన్ని. పౌరాణిక నాటకాల్లో రాణి వేషాలు నావే. ప్రకాశం జిల్లా పొగాకు ఊళ్ళ నుంచి గుంటూరు చుట్టూ ఉన్న మిరప ఊళ్ళ దాకా నేను పాడని తిరునాళ్ళ లేదు. మైకు పోయినా ఆఖరున తువ్వాలు పరుచుకుని కూర్చున్నవాడికి పద్యం వినపడాలి. అదీ నా చదువు. నాటకాలదని నా వెనక ఏమేం అనుకున్నారో నాకు తెలుసు. అనుకున్నవాళ్ళంతా ముందు వరసలోనే కూర్చునేవాళ్ళు.

ఆ ఏళ్ళన్నీ నాకు హార్మణీ వాయించింది ఒక్కరే, మా మేష్టారు. ప్రత్తిపాడు దగ్గర మాదీ ఆయనదీ పక్కపక్క ఊళ్ళు. డెబ్భై దాటాక ఆయన కిడ్నీలు చెడిపోయాయి. మంగళ, గురు, శనివారాలు గుంటూరు వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఇంట్లోవాళ్ళు మిరపకోతల్లో ఊపిరాడకుండా ఉంటే తోడు నేను వెళ్ళేదాన్ని. సూదులు గుచ్చటానికి వీలుగా ఆయన ఎడమచేతి నరాలు కలిపి ఆపరేషన్ చేశారు. ఆ చేత్తో బరువు ఎత్తొద్దు, దాన్ని శ్రమపెట్టొద్దు అన్నారు. హార్మణీకి స్వరాల మెట్ల మీద నడిచేది కుడిచెయ్యి, వెనక తిత్తి కొట్టి గాలి ఇచ్చేది ఎడమచెయ్యి. గాలి లేకపోతే అది ఉత్త చెక్కపెట్టె. ఆయన దానికి పాత పంచె చుట్టి అటక ఎక్కించేశారు.

ఒక మంగళవారం తిరుగు ఆటోలో ఆయన వీధి వైపు చూస్తూ అన్నారు.

"అమ్మాయ్, గురువారం ఆఖరు. ఆ తర్వాత నేను రాను."

"రాకపోతే ఏమవుతుందో డాక్టరు గారు చెప్పారు కదండీ."

"చెప్పాడు. విన్నాను. పెట్టె ముట్టుకోలేని చెయ్యి ఉంటే ఎంత, పోతే ఎంత?"

డాక్టరు చెప్పింది నేనూ విన్నాను. మానేస్తే ఎన్నాళ్ళో ఉండరు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుని, నా ఊపిరి ఎక్కడ ఆగుతుందో నాకంటే ముందు కనిపెట్టిన మనిషి, ఒక చెయ్యి పనికి రాలేదని మొత్తం మనిషినే పారేస్తానంటే నేను ఒప్పుకోవాలా? గాలి కొట్టటానికి ఆయన చెయ్యే కావాలని ఎవరన్నారు? నాకు రెండు చేతులున్నాయి.

బుధవారం వాళ్ళింటికి వెళ్ళి, ఆయన వద్దంటున్నా అటక మీద పెట్టె దించాను. గురువారం ఆస్పత్రిలో డాక్టరు గారిని అడిగాను. భక్తి పాట ఏదైనా మెల్లగా పాడుకోండి, ఎవరికీ ఇబ్బంది లేకుండా చూడండి అన్నారు. అలాగేనండి అన్నాను. అలాగేనంటే లోపలికి రానిస్తారని అన్నాను.

మేష్టారి ఎడమచేతికి సూదులు గుచ్చి మిషన్ ఆన్ చేశారు. పెట్టె ఆయన కుడిచేతి కిందికి వచ్చేలా రోగులకి అన్నం పెట్టే చక్రాల బల్ల మీద పెట్టి, నేను ఎదురుగా కూర్చుని తిత్తి పట్టుకున్నాను. మొదట అంతా అభాసు. పాడుతూ గాలి కొట్టటం నాకేం తెలుసు? నేను ఊపిరి తీసుకునే చోట తిత్తి కూడా ఆగిపోయేది.

"గాలేదీ? గాలేది అమ్మాయ్?" అని కసిరారు. నెలల తర్వాత ఆయన నా మీద కసురుకోవటం. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక మెల్లగా పాడటం నా వల్ల కాలేదు. తిరునాళ్ళలో పాడినట్టే గొంతెత్తి రాణి పద్యం అందుకున్నాను. చివర రాగం తీస్తుంటే ఆయన వేళ్ళు నా వెంట పరిగెత్తాయి. హాల్లో ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు. పక్క కుర్చీలో ఒకామె ఉండేది, మిరపకోతల కూలీ. వాళ్ళ చర్చిలో పాట ఎత్తుకునేది ఆమేనట. రాగం దిగీ దిగకముందే ఆమె అంత గొంతూ చేసుకుని అరిచింది.

"వన్స్ మోర్!"

నాటకం చూసినవాళ్ళకి ఈ మాట సంగతి తెలుసు. మా వైపు జనం వన్స్ మోర్ అన్నాక ఆ పద్యం మళ్ళీ పాడకుండా కథ ముందుకి కదలదు. చచ్చిపడిపోయిన వేషం కూడా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే. ఆ కేక వినపడగానే ముందు కదిలేది హార్మణీ మేష్టారే, శ్రుతి ఇవ్వాలి కాబట్టి. మా మేష్టారూ కదిలారు. అలవాటుకొద్దీ ఎడమచెయ్యి తిత్తి మీదికి విసురుగా వచ్చేసింది.

సూది జరిగింది. మిషన్ గీపెట్టింది. చూస్తుండగానే చెయ్యి ఉబ్బి నల్లబడింది. సిస్టరమ్మ పరిగెత్తుకొచ్చి మిషన్ ఆపి, సూది తీసి, గట్టిగా అదిమి పట్టుకుంది. ఆయనకి మరో చోట సూది పెట్టి, మిషన్లో ఉన్న రక్తం తిరిగి ఎక్కించాక ఆమె నా వైపు తిరిగింది.

"ఇది ఆస్పత్రి అనుకుంటున్నారా, నాటకాల పందిరి అనుకుంటున్నారా? తీసుకెళ్ళండమ్మా ఆ పెట్టె. ఇంకోసారి తెస్తే మిమ్మల్ని కూడా రానివ్వను."

ఆమె కోపం న్యాయమే. అయినా నేను ఊరుకోలేదు. "చెయ్యి కదలకుండా చూసుకోవాల్సింది, ఒప్పుకుంటాను. పాటదేం తప్పండీ?" అన్నాను. ఆమె తలుపు చూపించింది.

తిరుగు ఆటోలో మేష్టారు చేతి మీద ఐసు సంచి పెట్టుకుని వీధి వైపే చూస్తూ కూర్చున్నారు. ఈ గురువారమే ఆఖరని ఆయన అన్న మాట నా చెవుల్లో మోగుతోంది. నేనే దగ్గరుండి దాన్ని నిజం చేశానా అని భయమేసింది. ఊరు దగ్గర పడ్డాక కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి ఆయన తుమ్మి, ముక్కు తుడుచుకుని, నా మీద విరుచుకుపడ్డారు.

"ఇన్నేళ్ళలో ఎప్పుడన్నా వన్స్ మోర్ ఎగ్గొట్టామా మనం?"

"లేదండీ."

"మరి ఇవాళేంటి? ఆవిడ అడిగితే పాడకుండా దిగిపోయి వచ్చాం. సిగ్గు లేదూ?"

శనివారం తెల్లారేసరికి ఆయన మా గుమ్మంలో ఉన్నారు. పెట్టె ఎక్కడ అని అడిగారు తప్ప ఇంకేం అడగలేదు.

హాలు గుమ్మంలో సిస్టరమ్మ నా చంకలో పెట్టె చూసి చెయ్యి అడ్డం పెట్టింది. నేను నోరు తెరిచేలోపు మేష్టారు ముందుకి జరిగి ఉబ్బిన ఎడమచెయ్యి చాపారు.

"దీన్ని కుర్చీకి కట్టెయ్యమ్మా. వదిలేస్తే మళ్ళీ తిత్తి మీదికి పోతుంది, దాని బుద్ధి నాకు తెలుసు."

"తాతగారూ, ఆ పెట్టె కుదరదని చెప్పాను కదా."

"పెట్టె లేకపోతే నేనూ కుర్చీ ఎక్కను. ఆవిడకి బాకీ ఉన్నాను."

"మాకు బాకీ ఉన్నాడమ్మా ఆయన!" అని లోపల్నుంచి పక్క కుర్చీ ఆమె కేక. వెనకనుంచి ఇంకెవరో కూడా అవునన్నారు. సిస్టరమ్మ అందర్నీ ఒకసారి చూసి, లోపలికెళ్ళి డాక్టరుకి ఫోన్ చేసింది. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. వచ్చి, వాపు లేని చోట చూసి సూదులు గుచ్చింది. తర్వాత బ్యాండేజీ గుడ్డ తెచ్చి, మోచెయ్యి, మణికట్టు రెండూ కుర్చీ చేతికి కట్టింది. నరం నొక్కుకోకుండా కింద దూది కూడా పెట్టింది.

"మిషన్ ఒక్కసారి మోగినా ఆపేస్తాను," అంది. అని అక్కడే నిలబడింది.

నేను తిత్తి కొట్టాను. పాడాను, గురువారం కంటే గట్టిగా. కట్టిన చెయ్యి ఒకసారి గింజుకుంది, గుడ్డ ఆపింది. మిషన్ మోగలేదు. పక్క కుర్చీ ఆమె, చేతికి సూదులుండి చప్పట్లు కొట్టటానికి లేక, కాళ్ళతో తాళం వేసింది. పద్యం అయిపోయేసరికి నా చెంపలు తడిసిపోయి ఉన్నాయి. మేష్టారు నన్ను ఎగాదిగా చూశారు.

"రాగం పైకి వెళ్ళే చోట అందుకోకుండా దొంగతనం చేశావు. గాలీ సరిపోలేదు," అన్నారు. "మంగళవారం సరిగ్గా పాడు."