మూడు డబ్బాల నెట్‌వర్క్

బాగా పనిచేస్తున్న వస్తువుని కూడా ఒకసారి విప్పి చూడందే నాకు తోచదు. అమెరికాలో, అరిజోనా ఎడారి ఊరు చాండ్లర్‌లో ఉన్న రెండేళ్లలో ఈ చేతి దురదకి బలైపోయిన వస్తువులు చాలానే ఉన్నాయి గానీ, వాటి గురించి నాకేమీ బాధ లేదు. బాధంతా ఒక విజయదశమి రోజు ఉదయం గురించే.

అప్పటికి నాకింకా ఒక సెమిస్టర్ మిగిలి ఉంది. నా రూమ్మేట్‌కి ఎం.ఎస్. అయిపోయింది, ఉద్యోగం మాత్రం దొరకలేదు. ఎక్కడ చూసినా ఉద్యోగాలు ఊడిపోతున్న రోజులవి. చదువయ్యాక ఉద్యోగం లేకుండా తొంభై రోజుల కంటే ఎక్కువ ఉండటానికి వీసా ఒప్పుకోదు. వాడికి ఇక పదకొండు మిగిలాయి. రోజూ పొద్దున్నే పళ్లు తోముకుంటూ, ఎన్ని మిగిలాయో పైకే అనేవాడు. విజయదశమి రోజు పదకొండు గంటలకి వాడికి వీడియోలో ఇంటర్వ్యూ. నెలన్నరలో వచ్చింది అదొక్కటే.

మా ఇంటి నెట్ మాది కాదు, మా చవక ఫోన్లలో నెట్ ఉండేది కాదు. అపార్ట్‌మెంట్ల వెనక గోడకి అవతల ఒక తెలుగు డాక్టర్ ఆంటీ ఉండేవారు. ముప్పై ఏళ్ల కిందట వచ్చి స్థిరపడి, రిటైరై, ఒంటరిగా ఉంటున్నారు. "నా ఒక్కదానికీ అంత నెట్ ఎందుకు బాబూ, మీరూ వాడుకోండి" అన్నారు. అంతే, నాకు పండగ. పాత రౌటర్లు మూడు సంపాదించాను. కంపెనీవాళ్లు వాటిలో పెట్టిన ప్రోగ్రాం తీసేసి, ఎవరైనా తెరిచి మార్చుకోగలిగే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఎక్కించాను. ఒకటి ఆంటీ టేబుల్ మీద, ఒకటి మేనేజర్‌ని బతిమాలి లాండ్రీ రూమ్ కిటికీలో, ఒకటి మా బాల్కనీలో. మొదటిది రెండోదానికి, రెండోది మూడోదానికి గాలిలోనే నెట్ అందించాలి. ఆంటీకి ఆవిడ టేబుల్ మీది డబ్బా చూపించి, "ఇదే పెద్దది ఆంటీ, అంతా దీని మీదే ఆధారపడి ఉంది" అని కూడా చెప్పాను.

ఇంటర్వ్యూకి యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్తానని వాడు ముందే అన్నాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఆ గోలలో కూర్చుంటావా? నా నెట్‌వర్క్ పడిపోదురా, నాదీ పూచీ" అన్నాను. అని ఊరుకున్నానా? ముందురోజు సాయంత్రం ఫర్మ్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చిందని చూసి, మూడింటికీ ఎక్కించాను. వాడికి చెప్పలేదు.

పది గంటలా పది నిమిషాలకి నెట్ పోయింది.

వాడు అప్పటికే తెల్ల చొక్కా తొడుక్కుని, కింద షార్ట్స్‌తో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "అరే, ఏం ఓపెన్ అయితలేదు. పది ఇరవై నాలుగుకి బస్ ఉంది, లైబ్రరీకి పోనా?" అన్నాడు.

"ఐదు నిమిషాలు ఆగు."

మా బాల్కనీ డబ్బా నుంచి లాండ్రీ రూమ్ డబ్బా పలుకుతోంది. అక్కడినుంచి ఆంటీ డబ్బా పలకడం లేదు. నిన్న నేను ఎక్కించిన కొత్త వెర్షనే కొంప ముంచిందనుకున్నాను. ఆ మాట వాడికి చెప్పి, నువ్వు బస్ ఎక్కరా అనాల్సింది. అనలేదు. పాత వెర్షన్ తిరిగి ఎక్కిస్తూ కూర్చున్నాను. బస్ మా బాల్కనీ కిందనుంచే వెళ్లింది. ఇద్దరం చూశాం.

"బస్ వొయింది" అన్నాడు వాడు మెల్లగా.

పాత వెర్షన్‌తోనూ అదే తంతు. ఎవరో పక్కవాళ్ల సిగ్నల్ అడ్డొస్తోందేమోనని మా రెండు డబ్బాల ఛానెల్ మార్చాను. లాండ్రీ రూమ్‌కి పరిగెత్తి ఆ డబ్బాని తీసి మళ్లీ పెట్టాను. అక్కడ బట్టలు మడతపెట్టుకుంటున్న ఆవిడ నన్ను దొంగని చూసినట్టు చూసింది. వెనక్కొచ్చేసరికి పదీ నలభై. అప్పుడు ఆంటీకి ఫోన్ చేశాను.

"ఆంటీ, మీ టేబుల్ మీద డబ్బాని ఎవరైనా కదిపారా?"

"నేనేం టచ్ చెయ్యలేదు బాబూ. లైట్లు కూడా వెలుగుతున్నాయే. నా కంప్యూటర్‌లో నెట్ బాగానే వస్తోంది, ఇప్పుడే పంచాంగం చూశాను." తరువాత డాక్టర్ గొంతుతో అడిగారు, "ఎప్పట్నుంచి ఇలా? దానికి ముందు నువ్వేమైనా చేశావా?"

"ఏం చెయ్యలేదాంటీ" అన్నాను.

వాడు పక్కనే నిలబడి వింటున్నాడు. వాడి ముందు ఇంకేం చెప్పను? ఫోన్ పెట్టేసి, ఆంటీ వైపు తప్పు లేదని తేల్చేసుకున్నాను. ఆవిడ కంప్యూటర్‌లో నెట్ వస్తోందన్న మాట నా చెవిలో పడింది గానీ బుర్రకెక్కలేదు.

"ఇంకెంతసేపురా?" అన్నాడు వాడు.

"నువ్వు మీద పడి అడుగుతుంటే అవదు! అవతలికి పో!" అని అరిచాను.

వాడు బాల్కనీలోకి వెళ్లి, ఎండలో నిలబడ్డాడు. అక్టోబర్‌లో కూడా అక్కడ ఎండ కాలుస్తుంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

పదీ యాభై రెండుకి గేటు చుట్టూ తిరిగి ఆంటీ ఇంటికి పరిగెత్తాను. తలుపు తీసేసరికి అగరొత్తుల వాసన. ఆయుధపూజ చేసుకున్నారావిడ. టేబుల్ మీద స్టెతస్కోప్‌కి బొట్టు, కారు తాళాలకి బొట్టు, కుట్టు మిషన్‌కి బొట్టు. నా రౌటర్‌కి అన్నింటికంటే పెద్ద బొట్టు, పైన ఒక బంతిపువ్వు. ఆ బొట్టు సరిగ్గా ముందువైపున్న గుండ్రటి బటన్ మీద ఉంది. చూస్తే బొట్టు పెట్టడానికే చేసినట్టుంటుంది ఆ బటన్. నొక్కితే వైర్‌లెస్ ఆగిపోయేలా దాన్ని మార్చింది నేనే. ఫ్రెండ్స్ ముందు గొప్పకి ఎప్పుడో మార్చి, మర్చిపోయాను. మిగతా లైట్లన్నీ వెలుగుతున్నాయి, వైర్‌లెస్ లైటు ఒక్కటే ఆరిపోయి ఉంది.

"అబ్బాయి ఇంటర్వ్యూ అన్నావు కదా, పదింటికే పూజ చేసి దానికి కూడా పెట్టాను" అన్నారావిడ నవ్వుతూ. బొట్టు పెట్టడం ముట్టుకోవడం ఎలా అవుతుంది? అందుకే ఫోన్లో ఆవిడ చెప్పింది నిజమే. అబద్ధం ఆడింది నేను.

బటన్ నొక్కాను. వేలికి కుంకుమ అంటింది, లైటు వెలిగింది. హమ్మయ్య అనుకోబోయి ఆగాను. మిగతా రెండింటి ఛానెల్ నేను మార్చేశాను కదా, ఇక ఇది వాటికి కలవదు; దీన్ని మార్చే పాస్‌వర్డ్ ఇంట్లో నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. మళ్లీ వెళ్లి ఒక్కొక్కటీ వెనక్కి మార్చాలి. గడియారం పదీ యాభై ఎనిమిది చూపిస్తోంది. జరిగింది ఆంటీకి గబగబా చెప్పాను.

ఆవిడ నవ్వు పోయింది. డబ్బా వెనకనుంచి తన కంప్యూటర్‌కి వెళ్తున్న తీగ వైపు చూశారు. "నెట్ ఇక్కడ వస్తూనే ఉంది కదా బాబూ. అబ్బాయిని ఇక్కడికే తీసుకురాకపోయావా?"

గేటు చుట్టూ తిరిగి వచ్చినా నాలుగు నిమిషాలు. నలభై ఎనిమిది నిమిషాల పాటు నేను బాగుచేసింది నా నెట్‌వర్క్‌ని. వాడి ఇంటర్వ్యూ సంగతి నేనసలు ఆలోచించనే లేదు.

అప్పుడైనా వాడిని రమ్మని ఫోన్ చెయ్యలేదు, డబ్బాలు కలపడానికే పరిగెత్తాను. అన్నీ కలిసేసరికి పదకొండూ పదిహేడు. అవతలివాళ్లు వెళ్లిపోయారు. వాడు ఒక మెయిల్ రాసి, ల్యాప్‌టాప్ మూసి, చొక్కా విప్పి హ్యాంగర్‌కి తగిలించాడు. కొత్త వెర్షన్ సంగతి అప్పుడు చెప్పాను. "తెలుసు. నిన్న నీ స్క్రీన్ మీద జూసిన" అన్నాడు. తెలిసి కూడా నన్ను నమ్మి బస్ వదిలేశాడు.

వాళ్లు దయతలచి మూడు రోజుల తర్వాత మరో టైమ్ ఇచ్చారు. ఆ రోజు నేను తెల్లవారకముందే లేచి మూడు డబ్బాలూ చూశాను, బటన్ పనిచేయకుండా తీసేశాను, అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయని వాడికి చెప్పాను. వాడు షూ లేసులు కట్టుకుంటూ తలెత్తలేదు.

"నీ నెట్‌వర్క్ నాకొద్దురా. నాకు నెట్ గావాలె, గంతే. ఆంటీకి జెప్పిన, ఆడ తీగ వెట్టుకుని కూసుంట."

"నేనూ వస్తా, ఏదైనా అవసరమైతే..."

"నువ్వు రాకు."

పదకొండింటికి నేను లాండ్రీ రూమ్‌లో వాషింగ్ మెషీన్ల పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ల్యాప్‌టాప్‌లో మూడు డబ్బాలూ పచ్చగా కనిపిస్తున్నాయి. గంటసేపు ఒక్కసారి కూడా తెగలేదు. దాన్ని వాడుతున్నవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఆ ఉద్యోగం వాడికి వచ్చింది. గడువుకి ఇంకా నాలుగు రోజులు ఉండగా ఫోన్ వచ్చిందట. వాడు ముందు ఆంటీకి చెప్పాడు. నాకు ఆంటీ ఫోన్ చేసి చెప్పారు.